ముప్పది అడుగుల రేడియో

రేడియో చరిత్రను మనము సాధారణముగా దూరమును జయించిన కథగా చెప్పుకొందుము. 1901 డిసెంబరులో మార్కోనీ, ఇంగ్లండునుండి పంపిన సంకేతమును అట్లాంటిక్ సముద్రమునకు ఆవలి న్యూఫౌండ్‌లాండులో విన్నట్లు ప్రకటించెను. అది మొదలు ప్రసారకేంద్రముల శక్తి వేల వాట్లకు పెరిగినది. ఎంత దూరము వినబడిన అంత ఘనత. కాని నేడు మన జేబులోని స్మార్ట్‌ఫోనులో మరియొక రేడియో కలదు. వాటులో వెయ్యవ వంతు శక్తితో ముప్పది అడుగుల మేర పలుకవలెనని దానిని సంకల్పించిరి. దూరము పోకుండుటయే దాని సుగుణము. దాని పేరు బ్లూటూత్.

చేరువ తరంగములు మనకు కొత్తవి కావు. మార్కోనీ సముద్రము దాటుటకు ముందే, 1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో గోడలగుండ తరంగములను పంపి గంట మ్రోగించెను, మందుగుండు పేల్చెను. కాని లోకము దృష్టి దూరముపై నిలిచినందున చేరువ చాలకాలము మరుగునబడినది.

ఒక శతాబ్దము గడచిన పిదప, చేతిఫోనులు వ్యాపించిన కాలమున, తీగల చిక్కు విసుగు పుట్టించెను. మొదట కంటికి కనబడని పరారుణ కాంతిని వాడిరి. టెలివిజను రిమోటు పనిచేయునది ఆ కాంతితోనే. అయితే రెండు ఫోనులను ఎదురెదురుగా, మీటరు దూరములో నిలుపవలెను. నడుమ చేయి అడ్డమైన కబురు ఆగిపోవును. 1994లో స్వీడను దేశపు లుండ్ నగరమున ఎరిక్‌సన్ సంస్థవారు కాంతికి బదులు రేడియోను ఎన్నుకొనిరి. యాప్ హార్ట్‌సెన్ అను డచ్చి ఇంజనీరు, స్వెన్ మాటిసన్ అను స్వీడను ఇంజనీరు ఈ పనిలో ముఖ్యులు.

వారు ఎన్నుకొన్న 2.4 గిగాహెర్ట్జు తరంగభాగము ఎవరికిని సొంతము కాదు. మైక్రోవేవ్ పొయ్యి సద్దు కూడ అక్కడనే. ఇంత గోలలో మాట వినబడుట ఎట్లు? తిరునాళ్లలో ఇద్దరు మిత్రులు ఒకచోట నిలువక, ముందుగా అనుకొన్న వరుసలో చోట్లు మారుచు మాటలాడుకొన్నట్లు, ఈ రేడియో 79 మార్గములలో సెకనుకు 1600 మార్లు గెంతును. ఒకచోట మాట చెదరినను మరియొకచోట అందును. గెంతుట అను ఉపాయమునకు 1942లోనే సినీనటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథైల్ టార్పిడోల రక్షణకై అమెరికాలో పేటెంటు పొందియుండిరి.

యంత్రముకంటె కష్టమైనది ఒప్పందము. ఒక సంస్థ ఫోను మరియొక సంస్థ పరికరముతో మాటలాడనిచో ప్రయోజనమేమి? 1998లో ఎరిక్‌సన్, నోకియా, ఇంటెల్, ఐ.బి.ఎం., తోషిబా సంస్థలు ఒక సంఘముగా చేరినవి. పదవ శతాబ్దమున డెన్మార్కును ఏకము చేసిన హెరాల్డు బ్లూటూత్ అను రాజు పేరును ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ తాత్కాలికముగా సూచించెను. అదియే స్థిరపడినది. మన ఫోనుపై కనబడు గుర్తు ఆ రాజు పేరులోని రెండు ప్రాచీన లిపి అక్షరముల కలయికయే.

పెద్దలకు జ్ఞాపకముండును: ఒకనాడు ఇంట రేడియో వినుటకే తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము చెల్లించెడివారము. అట్టి మన దేశమున 2005లో ప్రభుత్వము ఈ తరంగభాగమునందలి అల్పశక్తి పరికరములకు లైసెన్సు అక్కరలేదని నియమము చేసినది. 2010లో అతి తక్కువ విద్యుత్తుతో పనిచేయు నాలుగవ రూపము వెలువడినది. చిన్న బిళ్లవంటి బ్యాటరీతో నెలల తరబడి పలుకు పరికరములు దానితో సాధ్యమైనవి.

ఇచట ఒక చిక్కు కలదు. ముప్పది అడుగులలో మాత్రమే వినబడు గొంతు విన్నామనగా, ఆ మనిషి మన చేరువనే యున్నాడని అర్థము. 2020లో మహమ్మారి ప్రబలినపుడు ఆరోగ్యసేతు ఈ గుణమునే ఉపయోగించి, రోగి ప్రక్కన ఎవరుండిరో కనుగొన యత్నించినది. అది ప్రాణరక్షణకై చేసిన పని. అయినను ఆ జ్ఞానము ఎవరియొద్ద, ఎంతకాలము ఉండవలెనను ప్రశ్న అపుడే పుట్టినది. అది అక్రమమైన ప్రశ్న కాదు.

దూరపు రేడియో లోకమును మన యింటికి తెచ్చినది. చేరువ రేడియో మన యింటి సంగతిని లోకమునకు చెప్పగలదు. కావున తెలియని పరికరము జతకోరినపుడు సమ్మతింపకుండుట, పనిలేనపుడు దానిని ఆపియుంచుట మంచిది. ఇంటి తలుపు దగ్గర పాటించు మర్యాదనే ఇచటను పాటింతము.