వెనక నుంచి వచ్చిన ఏరు

మా గేటు స్తంభం మీద, రోడ్డు మట్టానికి ఐదడుగుల ఎత్తున ఒక నల్ల గీత ఉంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు వచ్చిన నీరు అక్కడిదాకా చేరి, కదలకుండా రోజులు గడిపింది. ఇల్లు కడిగించి రంగులు వేయిస్తున్నప్పుడు పెయింటరు ఆ మరకని కూడా చెరిపేయబోయాడు. వద్దన్నాను. నల్ల ఎనామిల్‌తో దాన్నే దిద్దించి, పక్కన తేదీ రాయించాను.

బెజవాడ కృష్ణకేసి చూసే ఊరు. కొండ మీద అమ్మవారు, కింద ఘాట్లు, పక్కన బ్యారేజి. వరద అనగానే బ్యారేజి దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులని అడుగుతాం. మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే నది ఒడ్డున కృష్ణలంక వాళ్లు సామాన్లు సర్దుకునేవాళ్లు. సింగ్‌నగర్‌లో ఉండే మేం ఆ వార్తల్ని పరాయి ఊరి కబుర్లలా వినేవాళ్లం. నదికీ మాకూ మధ్య కాలువలూ రైలు పట్టాలూ సగం పట్నమూ ఉన్నాయి కదా! మా వెనకున్నది బుడమేరు. వేసవిలో అందులో గుర్రపు డెక్క, మురుగు తప్ప ఏమీ కనపడవు. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు దాన్ని డ్రైనేజీ అనే అనుకుంటారు. కానీ పాతవాళ్లు దానికి పెట్టిన పేరు బెజవాడ దుఃఖదాయని.

మైలవరం వైపు కొండల్లో పుట్టిన ఈ ఏరు కొల్లేటికి పోవాలి. ఆ దారిలోనే మా ఊరుంది. అందుకే వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసేలా ఒక మళ్లింపు కాలువ తవ్వారు. అందరూ బీడీసీ అంటారు. దాని సామర్థ్యం 15,000 క్యూసెక్కులు. ఊరి మీదికి రావాల్సిన నీటిని ముందే నదిలోకి తిప్పేసే ఏర్పాటు అది. అయితే అది కలిసేది బ్యారేజికి ఎగువన. కృష్ణ నిండుగా ఉన్న రోజున నది ఆ నీటిని తీసుకోదు, వెనక్కి తన్నుతుంది. అంటే కొండల్లోనూ నదిలోనూ ఒకేసారి వరద వస్తే మా రక్షణ కాలువ పని చేయాల్సిన రోజే పని చేయదు. ఇన్నేళ్లు ఇక్కడే బతికి ఈ ఒక్క సంగతి నేను 2024 దాకా గ్రహించలేదు.

ఆ వారం అదే జరిగింది. కొండల్లో పడ్డ వానకు కాలువ మోయగలిగిన దానికి రెట్టింపు పైన నీరొచ్చింది. సెప్టెంబరు 2న బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 1957లో ఆ బ్యారేజి పూర్తయిన తర్వాత అంత వరద చూడలేదు. బీడీసీ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, వెలగలేరు గేట్లు ఎత్తారు. ఏరు తన పాత దారి పట్టింది. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట, అన్నీ ఆ దారిలోవే. సైన్యం వచ్చి చేయి వేస్తే గానీ ఆఖరి గండి 7వ తేదీకి పూడలేదు. అంత వరదలోనూ కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది. నదికి ఎదురుగా గోడ కట్టుకున్న ఊరిని ఏరు వెనక నుంచి వచ్చి ముంచింది.

మా నాన్న ఈ స్థలం కొన్నప్పుడు చుట్టూ పొలాలే. అమ్మిన రైతు, "ఏరు పారే చోటండీ ఇది, మెరక చేసుకుని కట్టుకోండి," అని చెప్పాడట. నాన్న గ్రావెల్ తోలించి మూడడుగుల బేస్‌మట్టం లేపారు. చుట్టాలు నవ్వినా వినలేదు. ఆ తర్వాత సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు పడుతూ వచ్చి, మూడడుగుల్లో ఒకటిన్నర రోడ్డు కిందికే పోయింది. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మా వీధిలో రోడ్డు మీద నుంచి రెండు మెట్లు దిగి ఇంట్లోకి వెళ్లేవాళ్లున్నారు. పక్క వీధులకంటే మన వీధి ఎత్తు పెరిగిందని సంతోషించాం గానీ, మన ఇల్లే పల్లమైందని ఎవరం లెక్క వేసుకోలేదు.

2005లో బుడమేరు పొంగినప్పుడు నీళ్లు మా మెట్ల దాకా వచ్చి ఆగాయి. మమ్మల్ని మోసం చేసింది ఆ ఆగడమే. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లూ ఎవరు అడిగినా, "2005లోనే లోపలికి రాలేదు, ఇంకేం వస్తుంది," అన్నాం. అప్పట్లో నీరు పరుచుకోవడానికి చుట్టూ ఖాళీ జాగాలున్నాయి. ఇప్పుడు అక్కడ ఇళ్లున్నాయి, అపార్టుమెంట్లున్నాయి, ఏటి గట్టు వెంబడి ఆక్రమణలున్నాయి. అదే నీరొచ్చినా ఎత్తు ఎక్కువే అవుతుంది. 2005 నాటి గీత నిజమే, కానీ ఆ గీత పడిననాటి ఊరు ఇప్పుడు లేదు.

మా ఇంట్లో మూడున్నర అడుగులు నిలిచింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, పరుపులు, బీరువా కింది అరలు, ఇన్వర్టర్, మోటారు, స్కూటర్ అన్నీ పోయాయి. పై వాటాలో పది మందిమి పడవలో వచ్చిన పాల ప్యాకెట్లతో, డ్రోన్ దించిన పులిహోర పొట్లాలతో గడిపాం. నీరు తీశాక ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి. ప్రభుత్వం నేలవాటాకు 25,000, పై వాటాలకు 10,000, బైకుకు 3,000 రూపాయలు ఇచ్చింది. ఆ పూటకు అది ప్రాణం నిలిపింది, ఆ మాట మనస్ఫూర్తిగా అంటాను. కానీ కరెంటు వైరింగు మార్చడానికే దాదాపు అంత అయింది.

ఆ తర్వాత ఒక రోజు పై వాటాలో అటక దులుపుతుంటే పాత ఇంటి లోను ఫైలు దొరికింది. అందులో బ్యాంకు చేయించిన ఫైర్ పాలసీ ఉంది. లోను 2016లో తీరింది, దాంతోపాటే పాలసీనీ వదిలేశాం. అగ్నిప్రమాదానికి కదా, మా ఇంట్లో నిప్పు భయమేముందనుకున్నాం. విప్పి చదివితే తుపాను, వరద, ముంపు అన్నీ అందులోనే రాసి ఉన్నాయి. మన దేశంలో ఇంటికి వరద బీమా అని విడిగా అమ్మరు, ఫైర్ పాలసీ పొట్టలోనే అది ఉంటుంది. పేరు చూసి పక్కన పెట్టినవాళ్లం మా వీధిలోనే ఎందరమో! లోను కట్టించుకున్న బ్యాంకులో గానీ, పాలసీ ఇచ్చిన కంపెనీలో గానీ ఆ ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇప్పుడైతే భారత్ గృహ రక్ష అనే పాలసీ ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీ ఏదైనా ఒకే నమూనాలో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం. ఇందులో స్థలం ధర లెక్కలోకి రాదు. ఇంటి వైశాల్యాన్ని, చదరపు అడుగుకు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుతో హెచ్చించి బీమా మొత్తం లెక్క కడతారు. చాలామంది స్థలం విలువతో కలిపి ఊహించుకుని, ప్రీమియం మోయలేమని అక్కడే ఆగిపోతారు. కట్టడానికి బీమా చేస్తే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లో సామానుకూ దానంతటదే వర్తిస్తుంది. నగలకు విడిగా అడిగి చేయించుకోవాలి, నగదుకు లేదు. ఇల్లు బాగయ్యేదాకా వేరేచోట ఉంటే ఆ అద్దె కూడా వస్తుంది. అద్దెకున్నవాళ్లు సామానుకు మాత్రమే చేయించుకోవచ్చు. సింగ్‌నగర్‌లో అందరికంటే ఎక్కువ నష్టపోయింది వాళ్లే, ఈ సంగతి అందరికంటే తక్కువ తెలిసిందీ వాళ్లకే.

బండ్ల పాలసీ వేరు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ముంపుకు పైసా రాదు. పూర్తి పాలసీ ఉన్నవాళ్లలోనూ కొందరు, నీళ్లు తీయగానే ఆత్రంగా కిక్ కొట్టి చూశారు. సైలెన్సర్‌లో, ఇంజన్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే ఆ నష్టం మీ చేతులారా చేసుకున్నదంటారు. ప్రభుత్వం కంపెనీలను ఒకచోటికి పిలిచి క్లెయిముల కేంద్రం పెట్టించినప్పుడు, మా ఎదురింటి ఆటో అబ్బాయి పడ్డ గొడవంతా అదే. "కదిలించకుండా ఫొటో తీసి ఫోన్ చేయాలట బాబాయ్, ఎవరు చెప్పారు నాకు," అన్నాడు. ఇంటి సామానుకూ అంతే. సర్వేయరు చూడకముందే పరుపులు, ఫ్రిజ్‌లు రోడ్డు మీద కుప్ప పోశాం, మున్సిపాలిటీ లారీలు ఎత్తుకుపోయాయి. వాసన భరించలేక చేసిన పని, తప్పు పట్టలేం. కనీసం ఫొటోలు తీసి, మోడల్ నంబర్లు రాసి పెట్టుకుని ఉండాల్సింది. కంపెనీ న్యాయం చేయలేదనిపిస్తే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, రెండు రాష్ట్రాలకూ అదే.

బీడీసీని వెడల్పు చేసి మరింత నీరు పట్టేలా చేస్తామంటున్నారు. చేయాలి, తొందరగా చేయాలి. అయితే కాలువ పెరిగినా అది కలిసేది ఆ కృష్ణలోనే. మన ఇల్లు ఏటి దారిలోనే ఉంటుంది. అందుకని ఈ ఏడు మా మోటారు, కరెంటు మీటరు, స్విచ్ బోర్డులు గీత పైకి ఎక్కించాను. దస్తావేజులు పై వాటాకు చేరాయి. పాలసీ తీసుకున్నాను, దాని కాపీ హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరా ఉంది.

మొన్న మా పక్కింటి కింది వాటా చూడ్డానికి ఒక కొత్త జంట వచ్చింది. ఇంటాయన ఊళ్లో లేక తాళాలు మా దగ్గరే ఇచ్చి వెళ్లాడు. గదులన్నీ చూశాక, "ఇక్కడిదాకా వచ్చాయాండీ నీళ్లు," అని ఆ అమ్మాయి మోకాలు చూపించి అడిగింది. వాళ్లను మా గేటు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె స్తంభం పక్కన నిలబడింది. గీత ఆమె గడ్డం దగ్గరికి వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పై వాటా ఖాళీ ఉందా బాబాయ్ గారూ," అని అడిగింది.