రేకు పలచబడితే అంకె దిగాలి

1865 ఏప్రిల్‌లో మిసిసిపీ నది మీద విక్స్‌బర్గ్ రేవులో సుల్తానా అనే ఆవిరి పడవ ఆగింది. దానికున్న నాలుగు బాయిలర్లలో ఒకదాని రేకు ఉబ్బి, అతుకు దగ్గర ఆవిరి కారుతోంది. సరిగ్గా బాగుచేయాలంటే పాత రేకు కోసి కొత్తది వేయాలి, దానికి రోజులు పడుతుంది. అమెరికా అంతర్యుద్ధం ముగిసి చెరల నుంచి విడుదలైన ఉత్తరాది సైనికులు ఇళ్లకు చేరడానికి రేవులో కాచుకుని ఉన్నారు. వారిని చేరవేస్తే ప్రభుత్వం తలకింత చొప్పున కిరాయి ఇస్తుంది. అన్ని రోజులు ఆగడం కెప్టెన్‌కు ఇష్టం లేకపోయింది. ఉబ్బిన చోట ఒక చిన్న రేకు అతికించి పడవను వదిలారు. అసలు రేకు మందం 9 మిల్లీమీటర్లు, అతికించినది పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు.

376 మందికి అనుమతి ఉన్న పడవలో రెండు వేలకు పైగా ఎక్కారు. ఏప్రిల్ 27 తెల్లవారుజామున మెంఫిస్ దాటాక బాయిలర్లు పేలాయి. పదకొండు వందల మందికి పైగా చనిపోయారు.

ఆ అతుకే పేలిందా, పడవ ఒరిగి బాయిలర్లలో నీళ్లు తగ్గాయా అన్న వాదన నేటికీ తెగలేదు. విచారణలో తేలిన విషయం మాత్రం ఒకటుంది. ఆ బాయిలర్లకు చదరపు అంగుళానికి 145 పౌండ్ల పీడనం వరకు లైసెన్సు ఉంది. పలచని రేకు వేశాక దాన్ని దాదాపు 100 పౌండ్లకు దించాల్సింది. ఎవరూ దించలేదు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, త్రైరాశికం చాలు: 9కి 145 అయితే 6.35కి ఎంత? 102 వస్తుంది. విక్స్‌బర్గ్‌లో ఎవరో ఒకరు పలక మీద వేసి చూడగలిగిన లెక్క అది.

ఈ లెక్కనే ఇవాళ పరిశ్రమల్లో రీరేటింగ్ అంటారు. బాయిలర్ లాంటి పీడన పాత్ర పుట్టినప్పుడు నేమ్‌ప్లేటు మీద కొట్టిన అంకెను, ఇప్పుడు దానికి మిగిలిన బలాన్ని బట్టి తిరిగి లెక్కగట్టడం. పీడన పాత్రల చరిత్ర అంటే చాలామంది పేలుళ్ల చరిత్ర చెబుతారు. నాకు మాత్రం అది ఆ అంకెను ఎవరు నిర్ణయించాలి, ఎప్పుడు మార్చాలి అన్న తగువుగానే కనిపిస్తుంది.

తొలినాళ్లలో అంకే లేదు. 1679లో డెనిస్ పాపిన్ ఎముకలు మెత్తబడేదాకా ఉడికించే మూత బిగించిన పాత్రను లండన్‌లో చూపించాడు. మన ప్రెషర్ కుక్కర్‌కు అది ముత్తాత. పాత్ర పగలకుండా బరువు వేలాడదీసిన వాల్వును దానికి అమర్చిన ఘనత కూడా అతనిదే. జేమ్స్ వాట్ ఎక్కువ పీడనమంటే భయపడి, తన ఇంజన్లను తక్కువ పీడనంతోనే నడిపాడు. ఆ గీత దాటినవాడు రిచర్డ్ ట్రెవితిక్. 1803లో గ్రీనిచ్ దగ్గర అతని బాయిలర్ పేలి మనుషులు పోయారు. ఆ తర్వాత అతను బాయిలర్‌కు రెండు సేఫ్టీ వాల్వులు పెట్టాడు, నీళ్లు తగ్గితే వేడికి కరిగిపోయే సీసపు బిరడా అమర్చాడు. ప్రమాదం నుంచి నేర్చుకున్నాడు గానీ, రేకు ఎంత మోస్తుందన్న ప్రశ్న అలాగే మిగిలింది.

దానికి జవాబు వెతికినవారిలో విలియం ఫెయిర్‌బెయిర్న్‌ను ప్రత్యేకంగా తలుచుకోవాలి. రివెట్లు కొట్టిన రేకులను ఆయన లాగి, తెంచి చూశాడు. రేకు బలాన్ని నూరు అనుకుంటే, ఒక వరుస రివెట్ల అతుకుకు 56, రెండు వరుసలకు 70 మిగులుతుందని 1850లో ప్రకటించాడు. బాయిలర్ బలమంటే రేకు బలం కాదు, అతుకు బలం అని అంకెల్లో తెలిసింది అప్పుడే. ఈనాటి అమెరికన్ కోడ్‌లో ఎక్స్‌రే తీయని ముఖాముఖి వెల్డుకు 0.70, అక్కడక్కడా తీస్తే 0.85, పూర్తిగా తీస్తే 1 అని వాడే గుణకానికి మూలం ఈ ఆలోచనే.

లెక్క తెలిసినా చట్టం వెంటనే రాలేదు. 1905 మార్చి 20న మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలింది. కప్పును చీల్చుకుని పైకి లేచింది, భవనం కూలి మంటలంటుకుని 58 మంది చనిపోయారు. అది అదనంగా ఉంచుకున్న పాత బాయిలర్. రేకు మీద రేకు ఎక్కించి రివెట్లు కొట్టిన అతుకు దానిది. అలాంటి అతుకు దగ్గర బాయిలర్ పూర్తి గుండ్రంగా ఉండదు. పీడనం ఎక్కి దిగినప్పుడల్లా అక్కడ రేకు వంగి లేస్తుంది, ఏళ్లు గడిచాక పై రేకు మాటున పగులు పడుతుంది, ఇన్‌స్పెక్టర్ కంటికి కనబడదు. 1907లో ఆ రాష్ట్రం బాయిలర్ల చట్టం తెచ్చింది. 1911లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్ఎంఈ) ఒక కమిటీ వేసింది, దాని తొలి కోడ్ 1915లో అచ్చయింది. నిప్పు తగలని పీడన పాత్రలకు వేరే భాగం 1925లో వచ్చింది.

ఆ కోడ్ ఉక్కును అది తెగే బలంలో అయిదో వంతు వరకే వాడనిచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్కు కరువై దాన్ని నాలుగో వంతు చేశారు, తర్వాత అదే స్థిరపడింది. 1999లో ఆ భాజకాన్ని నాలుగు నుంచి 3.5కి దించారు. ఉక్కు మెరుగైంది, వెల్డింగు మెరుగైంది, పరీక్షలు మెరుగయ్యాయి కాబట్టి ఇది న్యాయమే. అయితే దీంతో ఒక ఆశ కూడా పుట్టింది: పాత పాత్రను కొత్త కోడ్ ప్రకారం లెక్కగట్టి అంకెను పెంచుకోవచ్చని. అందుకు దారి ఉంది. కానీ ఆ పాత ఉక్కు చలికి పెళుసుబారదని, నాజిళ్లు, ఫ్లాంజీలు కూడా కొత్త పీడనానికి నిలుస్తాయని రుజువు చూపాలి. రీరేటింగ్ అంటే పెంచడమే అనుకునే యాజమాన్యాలను నేను నమ్మను.

దించే లెక్క ఎలా ఉంటుందో చూడండి. లోపలి వ్యాసార్ధం 750 మి.మీ., గోడ 12 మి.మీ. ఉన్న ఒక పాత్ర అనుకుందాం. ఉక్కుకు అనుమతించిన ఒత్తిడి 138 మెగాపాస్కల్, వెల్డు గుణకం 0.85. ఈ మూడింటిని, అంటే ఒత్తిడి, గుణకం, మందాన్ని గుణించి, వ్యాసార్ధానికి మందంలో 0.6 వంతు కలిపి భాగిస్తే పీడనం వస్తుంది: 18.6 బార్లు. పదిహేనేళ్లకు తుప్పు తిని గోడ 9 మి.మీ. అయితే 14 బార్లు. ఇక్కడితో ఆగకూడదు. ఏడాదికి 0.2 మి.మీ. పోతోంది, మళ్లీ తనిఖీ అయిదేళ్లకు. ఆలోగా పోయే 1 మి.మీ.ను రెట్టింపు చేసి ముందే తీసేయమంటుంది రిఫైనరీలు పాటించే తనిఖీ కోడ్. 7 మి.మీ.కు లెక్క కడితే 10.9 బార్లు. నేమ్‌ప్లేటు మీద ఇంకా 18.6 ఉండవచ్చు, సేఫ్టీ వాల్వు కూడా పాత అంకెకే బిగించి ఉండవచ్చు. లెక్క కాగితం మీద దిగి, వాల్వు దిగకపోతే జరిగిన పని ఏమీ లేదు.

మందం ఒక్కటే చాలదని 1984 జులై 23న చికాగో దగ్గరి రోమియోవిల్ రిఫైనరీ చెప్పింది. అక్కడి ఒక ఎత్తైన పాత్రలో 1974లో ఒక రింగు మార్చి వెల్డు చేశారు. వెల్డు తర్వాత వేడిచేసి ఒత్తిడి తీసే పని జరగలేదు. గట్టిపడిన ఆ వెల్డు పక్కన హైడ్రోజన్ చేరి పగుళ్లు పెరిగాయి. పాత్ర చుట్టూ తెగి, పైభాగం కిలోమీటరు దూరాన పడింది. 17 మంది చనిపోయారు. మరమ్మతు చేసిన చోటే కొత్త లోపం పుడుతుందని సుల్తానా తర్వాత నూట పంతొమ్మిదేళ్లకు కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

మన దేశంలోనూ చట్టం పేలుడు వెనకే నడిచింది. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి ప్రాణాలు పోయాక, 1864లో బెంగాల్ తనిఖీ చట్టం తెచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1923లో, వివరమైన నిబంధనలు 1950లో వచ్చాయి. మిగిలిన ఆయుష్షును పరీక్షించాకే పాత బాయిలర్‌ను కొనసాగించాలన్న నియమం తర్వాత చేరింది. ముఖ్య తనిఖీ అధికారి అనుమతి లేకుండా బాయిలర్ కట్టడాన్ని మార్చకూడదన్న 1923 నాటి షరతు చదివినప్పుడల్లా నాకు విక్స్‌బర్గ్ రేవే గుర్తొస్తుంది. విశాఖలో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ 1966లో మొదలై, ఇలాంటి పాత్రలను ఇక్కడే తయారుచేసే నేర్పును తెలుగు నేలకు తెచ్చింది.

గోదావరి జిల్లాల్లో ఉప్పుడు బియ్యం మిల్లు నడిపేవారైనా, హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ చూసుకునే ఇంజనీరైనా ఈ వారం ఒక పని చేయండి. మీ పాత్రకు చివరిసారి మందం కొలిచిన కాగితం బయటికి తీసి, దాని తేదీ చూడండి. ఆ మందానికి పీడనం లెక్కగట్టి, సేఫ్టీ వాల్వు మీది అంకెతో సరిపోల్చండి. లెక్కలో వచ్చింది దానికంటే తక్కువైతే ఆ రోజే పీడనాన్ని, వాల్వు అంకెను దించండి.