ఓడ పేరు మారితే అరిష్టమా?

ఓడకు ఒకసారి పెట్టిన పేరు మార్చరాదనీ, మారిస్తే ఆ ఓడకు కీడు తప్పదనీ ఐరోపా నావికులలో చిరకాలంగా ఒక నమ్మకం ఉంది. ప్రతి ఓడ పేరూ సముద్ర దేవత చిట్టాలో రాసి ఉంటుందట. తనకు తెలియకుండా పేరు మారిస్తే ఆ దేవత పగ తీర్చుకుంటుందట. అందుకే పేరు మార్చక తప్పనివారు ఓడలో పాత పేరు ఎక్కడా మిగలకుండా చెరిపివేసి, కడలిలో ద్రాక్షసారా ధారపోసి, ఆపైనే కొత్త పేరు రాస్తారు. నేటికీ ఈ తతంగాన్ని పాటించేవారున్నారు.

ఇలాంటి నమ్మకాన్ని ఎగతాళి చేయడం తేలిక. దానిని చరిత్ర ముందు నిలబెట్టి చూడటం మేలు. అందుకు ఉస్మానియా నౌకాదళ చరిత్ర మంచి అవకాశమిస్తుంది. ఎందుకంటే ఆ సామ్రాజ్యం తన చివరి దశలో ఇతరుల ఓడలను కొని, వాటికి కొత్త పేర్లు పెట్టవలసి వచ్చింది.

1910లో ఉస్మానియా ప్రభుత్వం జర్మనీ నుండి రెండు పాత యుద్ధనౌకలను కొన్నది. ‘కుర్‌ఫ్యూర్స్ట్ ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్’కు బార్బరోస్ ఖైరుద్దీన్ అనీ, ‘వైసెన్‌బుర్గ్’కు తుర్గుత్ రయీస్ అనీ పేర్లు పెట్టింది. ఇద్దరూ పదహారవ శతాబ్దపు ప్రసిద్ధ నౌకాధిపతులు. గల్లీపోలీ సేనలకు తోడ్పడేందుకు వెళ్తున్న బార్బరోస్‌ను 1915 ఆగస్టు 8న బ్రిటిష్ జలాంతర్గామి ముంచివేసింది. ఇంతవరకే చూస్తే నావికుల నమ్మకం నిజమనిపిస్తుంది. కాని అదే ఏడు పేరు మారిన తుర్గుత్ రయీస్ ఆ యుద్ధాన్ని దాటి, తర్వాత తుర్కీ గణతంత్రంలో శిక్షణ నౌకగా పనిచేసింది.

ఆ తర్వాతి ఉదంతం ఇంకా ప్రసిద్ధమైనది. బ్రెజిల్ కోసం ఇంగ్లండులో ‘రియో డి జనీరో’ పేరుతో తయారవుతున్న యుద్ధనౌకను 1913 చివర ఉస్మానియా ప్రభుత్వం కొని, ‘సుల్తాన్ ఉస్మాన్’ అని పేరు పెట్టింది. నౌకాదళం కోసం సామాన్య ప్రజలు చందాలు వేసుకున్న కాలమది. 1914 ఆగస్టు ఆరంభంలో, ఉస్మానియా నావికులు ఓడను తీసుకువెళ్లడానికి వచ్చి వేచి ఉండగానే, బ్రిటన్ దానిని స్వాధీనం చేసుకుంది. అప్పటికి ఆ రెండు రాజ్యాల మధ్య యుద్ధం లేదు. ‘సుల్తాన్ ఉస్మాన్’ కాస్తా ‘అజిన్‌కోర్ట్’ అయింది. ముచ్చటగా మూడు పేర్లు మోసిన ఆ ఓడ 1916లో జట్లాండ్ సమరంలో పాల్గొని క్షేమంగా తిరిగివచ్చింది. నష్టం జరిగింది ఓడకు కాదు, చందాలిచ్చిన ప్రజలకు.

ఆ ఆగ్రహం చల్లారకముందే, ఆగస్టు 16న, జర్మన్ నౌకలైన ‘గోబెన్’, ‘బ్రెస్లావ్’లు యావూజ్ సుల్తాన్ సలీమ్, మిదిల్లి అనే పేర్లతో ఉస్మానియా దళంలో చేరాయి. మిదిల్లి అన్నది 1912లో చేజారిన ద్వీపం పేరు. పేర్లు మారాయి, జర్మన్ నావికులు ఫెజ్ టోపీలు ధరించారు, కాని ఓడలపై ఆజ్ఞ మాత్రం జర్మన్ అధికారిదే. అక్టోబరు 29న అవి రష్యా రేవులపై దాడిచేసి సామ్రాజ్యాన్ని మహాయుద్ధంలోకి లాగాయి. 1918 జనవరి 20న ఇమ్‌బ్రోస్ వద్ద రెండూ ఒకే రోజున సముద్రపు మందుపాతరలను ఢీకొన్నాయి. మిదిల్లి మునిగిపోయింది. యావూజ్ గాయపడి బయటపడి, 1938లో ముస్తఫా కమాల్ భౌతికకాయాన్ని మోసింది. దానిని విడగొట్టడం 1973లోగాని మొదలుకాలేదు. ఒకే రోజు పేరు మారిన రెండు నౌకలకు ఇంత భిన్నమైన గతి పట్టినప్పుడు, కారణం పేరు ఎలా అవుతుంది?

మన విశాఖ తీరం కూడా ఇలాంటి సాక్ష్యమే చెబుతుంది. 1971 డిసెంబరు 3-4 రాత్రి అక్కడ మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ పూర్వనామం అమెరికా వారి ‘డయాబ్లో’. అది వెతుకుతూ వచ్చిన ‘విక్రాంత్’ కూడా పేరు మారినదే. బ్రిటన్‌లో దాని పేరు ‘హెర్క్యులీస్’. ఘాజీలోని నావికులందరూ మరణించారు. విక్రాంత్ 1997 వరకు సేవలో ఉంది.

ఇస్లామీయ సంప్రదాయం ఈ విషయంలో ఒక సూక్ష్మమైన భేదం చూపుతుంది. దుశ్శకునాన్ని నమ్మడాన్ని ‘తియరా’ అంటారు. దైవప్రవక్త (స) దానిని నిరాకరించారు. మంచి మాట విని మంచిని ఆశించడాన్ని ‘ఫాల్’ అంటారు. దానిని ఇష్టపడ్డారు. హుదైబియా వద్ద సంప్రదింపులకు సుహైల్ వచ్చినప్పుడు, ఆ పేరులోని సౌలభ్యమనే అర్థాన్ని బట్టి పని సులువవుతుందని ఆశించారు. అవిధేయురాలని అర్థమిచ్చే ‘ఆసియా’ అనే పేరును ‘జమీలా’గా మార్చారు. అంటే పేరు మార్చడం దోషం కాదు. చెడు అర్థమున్న పేరు మార్చడం సత్కార్యమే. మంచి పేరు మనసుకు ఉత్సాహమిస్తుంది, అంతేగాని గాలినీ అలలనూ శాసించదు.

నూహ్ (అలై) ఎక్కిన నావకు ఖుర్ఆన్ పేరేమీ చెప్పలేదు. పలకలూ మేకులూ గలదని మాత్రమే ఖమర్ సూరాలో పేర్కొన్నది. దాని గమనమూ, అది నిలవడమూ అల్లాహ్ పేరుతోనేనని హూద్ సూరా తెలుపుతుంది.

పేరును నిందించే అలవాటులో మరొక ప్రమాదమున్నది. మిదిల్లి మునగడానికి కారణం మందుపాతరలు ఎక్కడున్నాయో సరిగా తెలియకపోవడం. సుల్తాన్ ఉస్మాన్ చేజారడానికి కారణం తన రక్షణను పరాయి నౌకాకేంద్రాలకు అప్పగించిన బలహీనత. అరిష్టమని సరిపెట్టుకున్నవాడు ఈ కారణాలను వెదకడు. వెదకనివాడు తర్వాతి ఓడను కూడా పోగొట్టుకుంటాడు.