గుర్రపు వెంట్రుకంత తేడా

అంకెలు ఎక్కువైతే మార్కులూ ఎక్కువ పడతాయని మన పిల్లల్లో కొందరికి భ్రమ. లెక్కల చరిత్ర చూస్తే పెద్దలు ఆ దారి తొక్కలేదని తెలుస్తుంది.

20000 వ్యాసానికి పరిధి 62832 అని క్రీ.శ. 499లో చెప్పిన ఆర్యభటుడు, అది 'ఆసన్నం', అంటే దగ్గరి విలువ మాత్రమేనని దాచకుండా చెప్పాడు. 1424లో, ఉలుగ్ బేగ్ కొలువులోని జంషీద్ అల్ కాషీ 'పై' విలువను 16 దశాంశ స్థానాల దాకా కట్టాడు. అయితే ముందుగా ఒక హద్దు పెట్టుకొన్నాడు: భూమి వ్యాసానికి ఆరు లక్షల రెట్లున్న వృత్తంలోనైనా తేడా గుర్రపు వెంట్రుక మందం దాటరాదు!

మనకూ హద్దు కావాలి. 10 సెం.మీ. వ్యాసమున్న వృత్త పరిధిని 22/7తో కడితే 31.428571 వస్తుంది. అసలు విలువ 31.415926. మొదటి దశాంశం దాకానే రెండూ ఒకటి. ఆ తర్వాతి అంకెలు ఒట్టివే గదా! కనుక ప్రశ్నలో ఎన్ని స్థానాలు అడిగారో ముందు చూడాలి. మధ్యలో అంకెలు కోయకుండా, ఆఖరి మెట్టులోనే సవరించి, "సుమారు 31.4 సెం.మీ. (ఒక దశాంశ స్థానానికి)" అని రాయాలి. సైన్సు ప్రయోగంలోనూ అంతే; స్కేలు చూపనిది జవాబు చూపరాదు.

తెలిసినంతే చెప్పడం లోటు కాదు, నిజాయితీ. మన పిల్లలకు ముందు నేర్పవలసింది అదే.