తిరువళ్లూరు – తిరుత్తణి ప్రాంతం: క్షేత్రాలు, గ్రామాలు, ప్రాచీన స్థలాలు

తిరువళ్లూరు, తిరుత్తణి తమిళనాడు ఈశాన్య భాగంలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువగా ఉన్న పుణ్యక్షేత్రాలు. చెన్నైకి పడమరగా సుమారు 45 కి.మీ. దూరంలోని తిరువళ్లూరు వైష్ణవ దివ్యదేశం, జిల్లా కేంద్రం. అదే జిల్లాలో చెన్నై–తిరుపతి దారిలో ఉన్న తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి ఆరు పడైవీడుల్లో (ప్రధాన క్షేత్రాల్లో) ఒకటి. తెలుగునాట కుశస్థలి అనిపించుకునే కొసస్థలై నది ఈ ప్రాంతానికి ప్రధాన జలాధారం. దాని పైపాయ కార్వేటినగరం వైపు కొండల్లో పుట్టి పళ్లిపట్టు మీదుగా వస్తుంది. నది పూండి జలాశయం దాటి, ఎన్నూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆదిమానవుల రాతి పనిముట్లు విరివిగా దొరికినదీ ఈ నది పరీవాహకంలోనే.

తిరువళ్లూరు

ఇక్కడి మూలవిరాట్టు శయనభంగిమలో ఉన్న వీరరాఘవస్వామి, అమ్మవారు కనకవల్లి. ముసలి బ్రాహ్మణుడి రూపంలో వచ్చిన స్వామికి శాలిహోత్ర మహర్షి తన కోసం ఉంచుకున్న పిండిని పెట్టాడనీ, తిన్న అతిథి పడుకోవడానికి చోటడిగాడనీ స్థలపురాణం. స్వామి కుడిచేయి మహర్షి తల మీద ఉన్నట్టు మలిచారు.

రోగాలు నయం చేసే దేవుడిగా ఈ స్వామికి వైద్య వీరరాఘవుడని పేరు. ఆలయ పుష్కరిణి హృత్తాపనాశిని. జబ్బు తగ్గితే మొక్కు తీర్చుకుంటామని అనుకున్నవారు బెల్లాన్ని ఈ కోనేటిలో కలుపుతారు. ఉప్పు, మిరియాలు సమర్పిస్తారు. అమావాస్య నాడు, ముఖ్యంగా తై అమావాస్యకు, రద్దీ ఎక్కువ. ఆలయ నిర్వహణ అహోబిల మఠానిది.

ఊరికి దగ్గరలోని తిరుపాచూరులో వాచీశ్వరాలయం ఉంది. తేవార గీతాల్లో కీర్తించిన శివస్థలాల్లో ఇది ఒకటి. దీని విమానం గజపృష్ఠాకారంలో ఉంటుంది.

తిరుత్తణి

శూరపద్ముణ్ణి వధించాక కుమారస్వామి కోపం చల్లారి నిలిచిన కొండ ఇదనీ, వల్లిని పెళ్లాడినదీ ఇక్కడేననీ భక్తుల నమ్మిక. సంవత్సరంలోని రోజులకు గుర్తుగా కొండకు 365 మెట్లున్నాయి. ఆడి కృత్తికకు కావళ్లు మోసుకుంటూ తమిళులతో పాటు చిత్తూరు, తిరుపతి జిల్లాల తెలుగువారూ వస్తారు.

డిసెంబరు 31 రాత్రి మెట్లపూజ జరుగుతుంది. మెట్టుమెట్టుకూ కర్పూరం వెలిగించి, తిరుప్పుగళ్ పాడుతూ పైకెక్కుతారు. ఆంగ్లేయుల కాలంలో జనవరి 1న దొరల దర్శనానికి వెళ్లడం రివాజు. దొరలకే దొర అయిన స్వామిని ముందు చూడాలంటూ వల్లిమలై సచ్చిదానందస్వామి ఈ ఆనవాయితీకి నాంది పలికారు.

కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల తొలి కృతి ‘శ్రీనాథాది గురుగుహో’ ఇక్కడే పుట్టిందని సంప్రదాయం. ఒక వృద్ధుడు దీక్షితుల నోట్లో కలకండ వేసి మాయమయ్యాడనీ, వెంటనే మాయామాళవగౌళ రాగంలో పాట వచ్చిందనీ చెబుతారు. ‘గురుగుహ’ ఆయన ముద్ర అయింది.

పట్టణంలోని వీరట్టానేశ్వరాలయం చిన్నదైనా చరిత్రకు ముఖ్యం. 9వ శతాబ్ది చివర, పల్లవ అపరాజితవర్మ కాలంలో నంబి అప్పి అనే అతను దీన్ని రాతితో కట్టించాడు. చోళ ఆదిత్యుడి చేతిలో అపరాజితుడు ఓడిపోవడంతో ఈ సీమ చోళుల వశమైంది. అందువల్ల ఇది పల్లవ శిల్పరీతి చివరి దశకు సాక్ష్యం.

మాజీ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలోని తెలుగు కుటుంబంలో జన్మించారు. ఇంటిపేరుకు మూలం నెల్లూరు సీమలోని సర్వేపల్లి.

తిరువాలంగాడు, తక్కోలం

తిరువళ్లూరు–అరక్కోణం మధ్య ఉన్న తిరువాలంగాడు నటరాజు పంచసభల్లో రత్నసభ. కాళితో పోటీపడి శివుడు ఊర్ధ్వతాండవం చేసిన చోటుగా ప్రసిద్ధి. శైవ భక్తులైన 63 మంది నాయనార్లలో ఒకరైన కారైక్కాల్ అమ్మయ్యార్ ఈ నృత్యాన్నే గానం చేసింది.

1905లో వెలుగుచూసిన తిరువాలంగాడు రాగి శాసనంలో 31 రేకులున్నాయి. రాజేంద్ర చోళుడు పళయనూరు గ్రామాన్ని ఈ ఆలయానికి ఇచ్చిన దానపత్రం ఇది. సంస్కృత భాగంలోని వంశావళి చోళ చరిత్ర రచనకు ప్రధాన ఆధారమైంది.

అరక్కోణం దగ్గరి తక్కోలం ఇప్పుడు రాణిపేట జిల్లాలో ఉంది. 949లో ఇక్కడ రాష్ట్రకూట మూడవ కృష్ణుడి సేనతో జరిగిన పోరులో చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదే చనిపోయాడు. ఆ ఓటమితో ఉత్తర భూములపై చోళులకు పట్టు చాలాకాలం సడలింది.

అత్తిరంపాక్కం, గుడియం

భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో మొదట పల్లావరంలో, తర్వాత విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో రాతి చేగొడ్డళ్లను గుర్తించాడు. భారత ప్రాక్‌చరిత్ర అధ్యయనం వీటితోనే మొదలైంది. 1999 నుంచి శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ బృందం జరిపిన తవ్వకాలు ఈ స్థలాన్ని ప్రపంచ చర్చలోకి తెచ్చాయి. ఇక్కడి అషూలియన్ (తొలి ప్రాచీన శిలాయుగ) పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించారు. మధ్య ప్రాచీన శిలాయుగ పద్ధతి ఇక్కడ సుమారు 3,85,000 ఏళ్ల కిందటే మొదలైందని 2018లో తేల్చారు. ఆధునిక మానవులు ఆఫ్రికా నుంచి తెచ్చారనుకున్న పరిజ్ఞానం అంతకు ఎంతో ముందే ఇక్కడ కనిపించడంతో వలసల సిద్ధాంతాలను మళ్లీ పరిశీలించవలసి వచ్చింది.

సమీపంలోని అల్లికుళి కొండల్లో గుడియం గుహలున్నాయి. పూండిలోని ప్రాక్‌చరిత్ర ప్రదర్శనశాల ఈ ప్రాంతపు పనిముట్లను చూపిస్తుంది.

పూండి జలాశయం

కొసస్థలైపై 1944లో పూర్తయిన ఈ జలాశయానికి మద్రాసు మేయరుగా పనిచేసిన ఎస్. సత్యమూర్తి పేరు పెట్టారు. ముంపులో పడిన తిరువెణ్‌పాక్కం శివాలయాన్ని పూండికి తరలించారు. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి కాలువలో వచ్చే కృష్ణాజలాలు 1996లో తొలిసారి ఇక్కడికి చేరాయి. చెన్నై తాగునీటికి ఇది ముఖ్యమైన వనరు.

సరిహద్దు, భాష

కార్వేటినగరం జమీందారీలో భాగమైన తిరుత్తణి 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రావతరణ తర్వాత దీన్ని మద్రాసులో కలపాలని మ.పొ. శివజ్ఞానం తదితరులు ఉద్యమించారు. సరిహద్దు వివాదంలో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫార్సులపై 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధిక భాగం, పళ్లిపట్టు మద్రాసుకు వెళ్లగా, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. తిరువళ్లూరు జిల్లా 1997లో ఏర్పడింది.

పళ్లిపట్టు, రామకృష్ణరాజుపేట వైపు పల్లెల్లో తెలుగు ఇళ్లు నేటికీ ఎక్కువే. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం నేతకు పేరుపొందాయి. సరిహద్దుకు అవతల నగరిదీ మరమగ్గాల బతుకే. ఊత్తుకోటను ఆనుకుని ఆంధ్రవైపు శివుడు శయనించిన సురుటుపల్లి, ఇంకాస్త ఎగువన శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాదేవి పేరిట వెలసిన నాగలాపురం ఉన్నాయి. రెండువైపుల క్షేత్రాలను ఒకే యాత్రలో చూసుకునే భక్తులున్నారు.

రాకపోకలు

1856లో మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు మొదలైన దక్షిణాది తొలి రైలుమార్గం తిరువళ్లూరు, అరక్కోణం మీదుగా వెళ్తుంది. తిరుత్తణి స్టేషన్ అరక్కోణం–రేణిగుంట మార్గంలో ఉంది. తిరువాలంగాడుకూ రైలు సౌకర్యం ఉంది. పూండి, అత్తిరంపాక్కం వెళ్లేవారు తిరువళ్లూరు నుంచి రోడ్డు దారి పట్టాలి.