కూరల సంచీలో కెమెరా

లండన్ రాయల్ కోర్ట్ థియేటర్, 1976. నాటక రచయిత శామ్యూల్ బెకెట్ మొదట ఫొటోకి ఒప్పుకుని, తీరా సమయానికి కుదరదన్నారు. ‘ది అబ్జర్వర్’ పత్రిక ఫొటోగ్రాఫర్ జేన్ బౌన్ వెనుదిరగలేదు. నటులు వచ్చిపోయే వెనక తలుపు దగ్గర కాపు కాశారు. బయటికొచ్చిన బెకెట్ ఇక తప్పదన్నట్టు నిలబడితే ఐదే ఐదు ఫ్రేములు తీశారు. లోతుగా ముడతలు పడ్డ ముఖం, సూటిగా గుచ్చే చూపు. బెకెట్ అనగానే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది ఆ ఫొటోయే.

బౌన్ 1925లో పుట్టారు. యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళ మహిళా విభాగంలో సముద్ర పటాలు సరిదిద్దారు. ఆ తర్వాత గిల్డ్‌ఫర్డ్‌లో ఫొటోగ్రఫీ చదువుకుని, 1949లో తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌ను ఫొటో తీసే పనితో అబ్జర్వర్‌లో అడుగుపెట్టారు. మొదట్లో వాడింది రోలీఫ్లెక్స్. 1970లలో ఒలింపస్ ఓఎం-1 చేతికొచ్చింది. ఇక దాన్ని వదల్లేదు. కెమెరా బ్యాగు కూడా ఉండేది కాదు, సరుకులు తెచ్చుకునే సంచీలోనే పడేసుకుని వెళ్లేవారు.

ఓఎం-1 గురించి కొంచెం చెప్పుకోవాలి. యోషిహిసా మైతానీ రూపకల్పన చేసిన ఈ కెమెరా 1972లో ఎం-1 పేరుతో వచ్చింది. లైకా కంపెనీ అభ్యంతరం చెప్పడంతో మరుసటి ఏడాది పేరు ముందు ‘ఓ’ చేరింది. బాడీ బరువు అరకిలో పైచిలుకు. అప్పటి ఎస్ఎల్ఆర్ కెమెరాల పక్కన పెడితే బొమ్మలా ఉండేది. అసలు తెలివి మరోచోట ఉంది. చాలా కెమెరాల్లో షట్టర్ వేగం మార్చే చక్రం నెత్తిమీద ఉంటే, మైతానీ దాన్ని లెన్సు బిగించే చోట రింగుగా అమర్చారు. దాని ముందు ఫోకస్ రింగు, ఆ ముందు అపర్చర్ రింగు. మూడూ ఎడమచేతి వేళ్ల కిందే. వ్యూఫైండర్ నుంచి కన్ను తీయక్కర్లేదు. బ్యాటరీ అయిపోయినా షట్టర్ ఆగదు, వెలుతురు కొలిచే మీటరు ఒక్కటే పనిచేయదు.

బౌన్‌కు ఆ మీటరుతోనూ పని లేదు. చేయి చాచి, మణికట్టు వెనక చర్మం మీద వెలుతురు ఎలా పడుతోందో చూసుకునేవారు. ఫిల్ము డబ్బాలోని కాగితం చదివి ఎక్స్‌పోజరు పెట్టుకున్న మన స్టూడియోల పాతతరానికి ఇది వింతేమీ కాదు. ఎక్కువసార్లు సెకనులో అరవయ్యో వంతు, అపర్చర్ 2.8. కిటికీ పక్కన కూర్చోబెడితే సరిపోయేది.

ఇష్టంగా వాడిన 85 మి.మీ. లెన్సుతో, ఆ అపర్చర్ దగ్గర, మనిషి ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంటే స్ఫుటంగా కనిపించే మందం ఐదు సెంటీమీటర్లకు అటూ ఇటూ. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకేస్తుంది. పైగా అంత లెన్సుకి అరవయ్యో వంతు నెమ్మది, చెయ్యి కొద్దిగా వణికినా ఫొటో చెడుతుంది. అయినా ఆవిడ లెక్క మారలేదు. మిగతావన్నీ ముందే తేల్చేసుకుంటే, అక్కడ చేతికి మిగిలే పని ఫోకస్ ఒక్కటే. దాన్ని మరొకరికి అప్పగించడం ఎందుకు?

1985లో ఫోకస్ తనే చూసుకునే మినోల్టా 7000 కెమెరా వచ్చింది. ఫోకస్ మోటారు బాడీలోనే ఉంది, ఎస్ఎల్ఆర్ ప్రపంచం అటు పరుగు తీసింది. ఆ ఏడాదే బౌన్‌కు అరవై నిండాయి. పాతదే మేలని పట్టుబట్టడంలో చాదస్తం ఉందనే వాళ్లుంటారు. క్రికెట్ మైదానంలో నిలబెడితే వాళ్ల మాటే గెలుస్తుంది. కానీ బౌన్ ఎదుట కూర్చున్నవాళ్లు పరిగెత్తరు. దొరికే పది పదిహేను నిమిషాల్లో మెనూలు వెతుక్కోనక్కర్లేకపోవడం ఆవిడకు పెద్ద లాభం. 2006లో ఎలిజబెత్ రాణి ఎనభయ్యో పుట్టినరోజు చిత్రానికీ బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోకి ఆ పాత ఒలింపసే వెళ్లింది. ఇద్దరికీ వయసులో ఏడాదే తేడా. బౌన్ 2014 డిసెంబరులో చనిపోయారు, డిజిటల్ వైపు వెళ్లకుండానే.

ఒలింపస్ ఓఎం శ్రేణిని 2002లో ఆపేసింది. ఇప్పుడు ఆ లెన్సుల్ని అడాప్టరుతో మిర్రర్‌లెస్ కెమెరాలకు బిగించి వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. లెన్సు చక్కగానే పనిచేస్తుంది, ఫోకస్, అపర్చర్ రింగులూ తిరుగుతాయి. షట్టర్ రింగు మాత్రం రాదు. అది పాత బాడీకే ఉంది.