ప్రయాణికుని పెట్టెకు పూచీ ఎవరిది?

మా యెరుకలోని యొక వృద్ధగృహిణి క్రిందటి సంవత్సరము కొమార్తె పురుటికై అమెరికాకు ప్రయాణమయ్యెను. బాలింతకు కావలసిన కాయపుపొడియు, శొంఠియు, వామును, పసిబిడ్డకై మెత్తని పాతచీరలతో కుట్టిన బొంతలును నెలదినములు శ్రమించి సిద్ధపరచి రెండు పెట్టెలలో సర్దుకొనెను. విమానాశ్రయమున తూనికకడ నున్న యుద్యోగి యొక పెట్టె మూడు కిలోలు హెచ్చినదని చెప్పి, ఆమె యంతకుముందెన్నడును వినని రుసుము నడిగెను. వెనుక జనము వరుసదీరి యుండిరి. మారుమాట లేక ఆమె చెల్లించెను. తీరా ఆమె అక్కడ దిగునప్పటికి, రుసుము పుచ్చుకొన్న ఆ పెట్టెయే రాలేదు. అది యారవనాడు ఇల్లు చేరెను. ఈలోపల పురుడు వచ్చినది. కావలసిన వస్తువులన్నియు అక్కడ హెచ్చు వెలకు కొనవలసివచ్చినది. అల్లుడు ఫిర్యాదు వ్రాసెదననగా, ఆమె “పెట్టె వచ్చినదిగదా బాబూ, పోనిండు” అని వారించెను. నెలన్నర గడచిన పిదప ఆ కాగితములు మా చేతికి వచ్చినవి. అప్పటికి అడుగవలసిన గడువు దాటిపోయినది.

ఈ చిన్న వృత్తాంతములో రెండు ప్రశ్నలు కలవు. ముందుగా తెలుపని రుసుమును ప్రయాణసమయమున అడుగుట న్యాయమా? కూలి పుచ్చుకొని సామానును వేళకు చేర్పనివాడు ఏమి యిచ్చుకొనవలెను? విమానములు క్రొత్తవి గనుక ఈ ప్రశ్నలును క్రొత్తవని పలువురు తలంతురు. చరిత్ర చూచినచో అట్లు తోపదు. మోయువాడును మోయించువాడును ఉన్న ప్రతి సమాజమును వీనికి సమాధానము వెదకినది.

మన ధర్మశాస్త్రములనే మొదట చూతము. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయములో రేవుసుంకములు లెక్కకట్టి చెప్పబడినవి. ఖాళీబండికి ఒక పణము, మనుష్యుడు మోయు బరువునకు అరపణము, పశువునకును స్త్రీకిని పణములో నాల్గవ పాలు, బరువులేని పురుషునకు అందులో సగము. సరకు నిండిన బండికి సరకు విలువనుబట్టి సుంకము. రెండు నెలలు దాటిన గర్భవతికి సుంకము లేదు. ఆ మినహాయింపులలోనే బ్రాహ్మణుల కిచ్చినది నేటి మన న్యాయబుద్ధికి సమ్మతము కాదు. కాని యొక్క సంగతి గమనింపదగినది: బరువునకు రుసుము గొనుట తప్పు కాదు గాని, ఆ రుసుమెంతయో పడవ యెక్కువానికి ముందే తెలిసియుండవలెను. పడవవారి దోషముచే చెడిన వస్తువునకు ఆ పడవవారందరును కలిసి నష్టమిచ్చుకొనవలెననియు, దైవికముగా కలిగిన నష్టమునకు శిక్ష లేదనియు అక్కడనే చెప్పబడినది.

యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయములో ఇంకను స్పష్టముగా చెప్పెను. రాజువలన గాని దైవమువలన గాని కాక మరియొకవిధముగా సరకు నష్టమైనచో, మోసినవాడు దాని నిచ్చుకొనవలెను. ప్రయాణమునకు విఘ్నము చేసినవాడు కూలికి రెండింతలు చెల్లింపవలెను. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఈ రెండవ మాటను వివాహాది శుభకార్యములకై పయనమైనవాని విషయమున అన్వయించి వివరించెను. శుభకార్యమునకు వేళయే ముఖ్యము. వేళ దాటిన పిమ్మట వచ్చిన సామాను వచ్చియు రానిదానితో సమానమే. ఈ సత్యమును ఆ వ్యాఖ్యాత గ్రహించెను. పురుటికి తెచ్చిన పెట్టె ఆరవనాడు చేరిన కథకు ఇంతకంటె తగిన న్యాయము వేరొకటి కలదా?

ఈ శాస్త్రములతో సంబంధమే లేని దేశములలోను ఇట్టి సిద్ధాంతమే పుట్టుట విశేషము. రోమకుల న్యాయమున ఓడవారును, సత్రములవారును, గుఱ్ఱపుశాలలవారును తమ యధీనమునకు వచ్చిన సామానుకు పూచీపడవలసియుండిరి. ఇంగ్లాండులో 1703 సంవత్సరమున ప్రధానన్యాయాధిపతి హోల్టు, కూలికి సరకులు మోయుట వృత్తిగా గలవాడు దైవికమువలనను రాజశత్రువులవలనను కలిగిన నష్టమునకు తప్ప, తక్కిన యెల్ల నష్టములకును ఉత్తరవాదియని వక్కాణించెను. యాజ్ఞవల్క్యుని మాటకును హోల్టు మాటకును ఎంత పోలిక! కారణమును ఒక్కటియే. సామాను ఇచ్చినవాడు దాని వెంట నుండడు. దారిలో ఏమి జరిగినదో మోసినవానికి తప్ప మరి యెవరికిని తెలియదు. దొంగలతో చేతులు కలిపినను పట్టుకొనువాడుండడు. కావున తెలిసినవానిమీదనే భారము మోపబడెను.

అయితే మోయువారు ఊరకుండలేదు. పందొమ్మిదవ శతాబ్దారంభమునకు ఇంగ్లాండులోని బండ్ల యజమానులు, తాము ఇంత సొమ్మునకు మించి పూచీపడమని తమ కచ్చేరీ గోడలమీద ప్రకటనలు అంటించి తప్పుకొనసాగిరి. పార్లమెంటు 1830లో ఒక చట్టము చేసి ఇరువురకును మధ్యమార్గ మేర్పరచెను. పది పౌనులకు మించిన నగలు, గడియారములు మొదలగు విలువైన వస్తువులను ముందుగా చెప్పి ఇయ్యవలెను. అట్టివానికి హెచ్చు కూలి అడుగవచ్చును. కాని ఆ హెచ్చు కూలి యెంతయో కచ్చేరీలో అందరకు కనబడుచోట స్పష్టమైన యక్షరములతో వ్రాసి పెట్టవలెను. మన దేశములో 1865 నాటి మోతదారుల చట్టము ఈ పద్ధతినే యనుసరించి పది పౌనులకు బదులు నూరు రూపాయలని నిర్ణయించెను.

రైళ్లు వచ్చిన పిమ్మట బీదప్రయాణికుని మాటయు చట్టమున కెక్కెను. గ్లాడ్‌స్టన్ వర్తకసంఘాధ్యక్షుడుగా నుండి నడిపించిన 1844 నాటి రైల్వేచట్టము, మూడవతరగతివారికై దినమున కొక్కటియైనను రైలు నడుపవలెననియు, మైలుకు ఒక పెన్నీకి మించి కిరాయి గొనరాదనియు, ప్రతి ప్రయాణికుడును 56 పౌనుల బరువుగల సామానును వేఱు కూలి లేక తీసికొనిపోవచ్చుననియు శాసించెను. పొట్టకూటికై యూరు విడచిపోవు కూలివాని మూట అతని ప్రయాణములో భాగమే గాని వేఱు వ్యాపారము కాదని ఆ చట్టకర్తలు తలచిరి.

టిక్కెట్టు వెనుకనుండు సన్నని యక్షరముల కథయు ఆ కాలముననే మొదలయ్యెను. లండనులోని యొక రైల్వేస్టేషనులో ఒక ప్రయాణికుడు రెండు పెన్నీలు చెల్లించి తన సంచిని అప్పగించెను. సంచి పోయినది, దాని విలువ 24 పౌనుల 10 షిల్లింగులు. చీటి వెనుక పది పౌనులకు మించి పూచీపడమని యచ్చువేసియున్నదని కంపెనీవారు వాదించిరి. తాను దానిని చదువలేదని యాతడు చెప్పెను. 1877లో అప్పీలు న్యాయస్థానమువారు, చదివెనా లేదా యనునది ప్రశ్న కాదనియు, ఆ షరతును ప్రయాణికునకు తెలియజేయుటకు కంపెనీ తగినంత యత్నము చేసెనా యనునదియే ప్రశ్న యనియు చెప్పి, మరల విచారణకు పంపిరి. నేటికిని ఈ తగవులకు ఇదియే మూలసూత్రము.

విమానములు వచ్చినపుడు తులాభారము మరియొకవైపునకు వ్రాలెను. అది శైశవావస్థలోనున్న వృత్తి, ప్రమాదములు పెక్కు. పూర్వపు పూచీయంతయు మోపినచో బ్రతుకజాలదని ప్రభుత్వములు తలచినవి. 1929 అక్టోబరు 12వ తేదీన వార్సా నగరమున కుదిరిన యొడంబడిక, అప్పగించిన సామాను విషయమున కిలోగ్రామునకు 250 బంగారు ఫ్రాంకులకు మించి యడుగరాదని హద్దు కట్టెను. మన దేశము దానిని 1934 చట్టముచే స్వీకరించెను. 1999 మే నెలలో మాంట్రియలున క్రొత్త యొడంబడిక పుట్టినది. అది మన దేశమున 2009 జూన్ 30 నుండి యమలులోనికి వచ్చినది. ఇందు తూకమునుబట్టి గాక మనిషినిబట్టి హద్దు కట్టబడినది. మొదట ఒక్కొక్క ప్రయాణికునకు అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కలో 1000 ప్రమాణములు. అది 2009 చివర 1131గను, 2019 చివర 1288గను, 2024 డిసెంబరు 28 నుండి 1519గను పెంపబడెను. మన నాణెములో ఇది లక్షన్నర రూపాయలకు మించును. ఇది హద్దే గాని బహుమానము కాదు. కలిగిన నష్టమును ప్రయాణికుడు చూపవలెను. ఆలస్యము కాకుండ చేయదగిన యత్నమంతయు చేసితిమని విమానసంస్థ నిరూపించినచో తప్పించుకొనవచ్చును. అప్పగించునపుడే హెచ్చు విలువ ప్రకటించి అదనపు సొమ్ము చెల్లించినచో హద్దును పెంచుకొనవచ్చును.

పూచీ యిట్లు హద్దులలోనికి వచ్చిన తరువాత రుసుము హద్దులు దాటసాగెను. అమెరికాలో 1978 చట్టము విమానకిరాయిలను ప్రభుత్వనిర్ణయమునుండి విడిపించెను. 2008లో ముడినూనె ధర పీపాయికి 147 డాలర్లవరకు పెరిగినపుడు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి పెట్టెకే 15 డాలర్లు గొననారంభించెను. తక్కిన పెద్ద సంస్థలు పెక్కు ఆ దారినే పట్టినవి. ఆ సంవత్సరాంతమునకే నూనెధర పడిపోయినది. పెట్టె రుసుము మాత్రము పడలేదు. కష్టకాలమున వచ్చిన పన్ను సుఖకాలమున పోవుట లోకములో అరుదు.

ఐరోపా న్యాయస్థానమువారు 2014 సెప్టెంబరులో, స్పెయినునుండి వచ్చిన యొక తగవులో, అప్పగించు పెట్టెకు వేఱు రుసుము గొనవచ్చును గాని, తగిన కొలతలలోనుండు చేతిసంచి ప్రయాణమున కవశ్యకము గనుక దానికి వేఱు వెల కట్టరాదని తీర్పు చెప్పిరి. 1844 నాటి చట్టకర్తల భావమే ఇందు కొంత మిగిలియున్నది. మన పౌరవిమానయాన శాఖవారు 2021 ఫిబ్రవరిలో దేశములోపలి సంస్థలకు పెట్టె లేని టిక్కెట్టును చౌకగా నమ్ముట కనుమతి యిచ్చిరి. కాని, పెట్టెతో వచ్చినచో చెల్లింపవలసిన రుసుము న్యాయమైనదిగా నుండవలెననియు, టిక్కెట్టు కొనునపుడే స్పష్టముగా చూపవలెననియు, టిక్కెట్టుమీద అచ్చువేయవలెననియు షరతు విధించిరి. 1830 నాటి గోడప్రకటనయే నేడు టిక్కెట్టుమీదికి వచ్చినది.

అమెరికా ప్రభుత్వము 2024లో చేసిన నియమము మరింత గమనింపదగినది. రుసుము గొన్న పెట్టె, దేశములోపలి ప్రయాణమున 12 గంటలలోపలను, దేశాంతరప్రయాణమున విమానము పయనించు కాలమునుబట్టి 15 గాని 30 గాని గంటలలోపలను అందనిచో, ప్రయాణికుడు తెలియజేసినంతనే ఆ రుసుము తిరిగి ఇయ్యవలెను. కూలి పనికి గాని మాటకు గాదను పూర్వన్యాయమే ఇది. యాజ్ఞవల్క్యుడు రెండింతలడిగెను, వీరు ఒక్కింతతో తృప్తిపడిరి.

ఇంత చరిత్రయు మన గృహములకు చెప్పునదేమి? రుసుము గొనుట యొకటి, చెప్పక గొనుట మరియొకటి. అంతకంటె ముఖ్యమైనది, అడుగనివానికి న్యాయము తనంతట రాదు. మాంట్రియలు ఒడంబడిక ప్రకారము, పెట్టె చెడిపోయినచో అందిన 7 దినములలోపల, ఆలస్యమైనచో చేతికి వచ్చిన 21 దినములలోపల, వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. నోటిమాట చాలదు. వ్రాయనిచో దావా చెల్లదు. రావలసిన దినమునుండి 21 దినములు గడచినను రాని పెట్టెను పోయినదిగా నెంచి అడుగవచ్చును. దావాకు గడువు రెండేండ్లు. పెట్టెలో కుటుంబమందరి వస్తువులు కలిసియున్నచో, ఎవరి వస్తువులకు వారు వేఱువేఱుగా నష్టమడుగవచ్చునని ఐరోపా న్యాయస్థానము 2012లో నిర్ణయించినది. కలిపి సర్దుకొను మనవంటివారికి ఇది తెలిసియుండవలసిన సంగతి.

కావున పెట్టె కిచ్చిన చీటిని పారవేయరాదు. సర్దునపుడే వస్తువుల పట్టిక వ్రాసియుంచుకొనవలెను. చెల్లించిన రుసుమునకు రశీదు గొనవలెను. పెట్టె రానినాడు విమానాశ్రయము విడువకముందే కాగితము వ్రాయించుకొని, అవసరమునకు కొన్న వస్తువుల రశీదులను దాచవలెను. గల్ఫుదేశములలో కష్టపడి యింటికి మూటలు మోసికొనివచ్చు కరీంనగరము, నిజామాబాదు, కోనసీమ కూలివారికిని, ఒంటరిగా సముద్రములు దాటు మన తల్లులకును ఈ నాలుగు సంగతులు వారి భాషలో ఎవరైనను చెప్పిన మేలు. చదువుకొన్న బిడ్డలు టిక్కెట్టు కొని పంపుటతో తమ విధి తీరినదనుకొనరాదు. ఆ టిక్కెట్టులోని షరతులు చదివి వినిపింపవలెను.

ఆ గృహిణికి మేము ఈ సంగతులన్నియు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “సొమ్ముకు కాదండీ, అడిగిన గయ్యాళి యందురేమో యని యూరకుంటిని” అనెను. న్యాయము నడుగుట గయ్యాళితనమని మన స్త్రీలకు నేర్పినది మనమే. ఆ పాఠమును మాన్పింపవలసినవారమును మనమే. ఆమె మరల సంక్రాంతి దాటిన పిమ్మట మనుమని జూడ బోవనున్నది. ఈసారి పెట్టెలోని వస్తువుల పట్టికను తన చేతనే వ్రాసికొని, 21 అను అంకెను దాని పైభాగమున పెద్దదిగా వేసికొన్నది.